గురి కుదిరినా తూటాలు చెదురుతున్నాయా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. పాయింట్ 22 రైఫిల్‌తో 50 గజాల టార్గెట్ కొడుతున్నాను. స్కోప్‌లో గురి బాగానే కనిపిస్తున్నా తూటాలు చెదురుతున్నాయి. ఎలాంటి స్కోప్ కొనాలి?

జవాబు: మీ స్కోప్ 100 గజాలకు సరిచేసినదై ఉండొచ్చు. అలాంటప్పుడు 50 గజాల్లో కన్ను కాస్త పక్కకు జరిగినా గురి తప్పుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు.

ముందు రైఫిల్ ఖాళీ చేసి, రేంజ్‌లో టార్గెట్ వైపు కదలకుండా ఆనించండి. తల మాత్రమే కదుపుతూ స్కోప్‌లోంచి చూడండి. స్కోప్‌లోని గీతలు టార్గెట్ మీద జరిగితే కారణం అదే కావచ్చు.

కొత్తది కొంటే 25 గజాల నుంచైనా పారలాక్స్ సర్దుకోగలిగేది, సన్నని గీతలున్నది ఎంచుకోండి. అద్దాల స్పష్టత ముఖ్యం. పెద్దగా చూపించడం ఒక్కటే చాలదు. మౌంట్ స్క్రూలు బిగించి, రెండు మూడు రకాల తూటాలూ వాడి చూడండి. అప్పటికీ చెదిరితే గన్‌స్మిత్‌కు చూపించండి.