తప్పు దిద్దారు, బాధ్యత అప్పగించారు
హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) ఒక పోరాటంలో, కలిమా పలికిన శత్రువును చంపేశారు. ప్రాణభయంతోనే పలికాడని భావించారు. దైవప్రవక్త (స) ఆయన్ని పదేపదే తీవ్రంగా మందలించారు. కాని దూరం చేయలేదు. హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో సుమారు 18 ఏళ్ల ఆ యువకుణ్ణే సైన్యాధిపతిగా నియమించారు. కొందరు ఆక్షేపించినా నిర్ణయం మార్చలేదు. ప్రవక్త (స) మరణానంతరం ఖలీఫా అబూబక్ర్ (రజి) ఆ సైన్యాన్ని సాగనంపుతూ, వాహనంపై ఉన్న ఉసామా (రజి) పక్కన కాలినడకన నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి)ను మదీనాలో ఉంచుకోవడానికి ఆయన అనుమతే కోరారు.

మన మస్జిద్ కమిటీలో, బైతుల్‌మాల్‌లో ఒక యువకుడు లెక్కల్లో ఒకసారి పొరబడితే మళ్లీ పుస్తకం ముట్టనిస్తున్నామా? పెద్దలారా! తప్పు దిద్దండి, బాధ్యత అప్పగించండి, పక్కన నడవండి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.