చెరకు తోటలో ప్రత్యుత్పత్తి పాఠం

ఏ జీవీ శాశ్వతం కాదు. అందుకే ప్రతి జీవీ తన జాతిని నిలుపుకోవడానికి సంతతిని కంటుంది. ఇందుకు ప్రకృతిలో రెండు మార్గాలున్నాయి. ఒకే జీవి నుంచి సంతతి కలిగితే అది అలైంగిక ప్రత్యుత్పత్తి. అమీబా రెండుగా చీలడం, హైడ్రా మొగ్గ తొడగడం ఇలాంటివే. స్త్రీ, పురుష బీజకణాలు కలిసి కొత్త జీవి పుడితే అది లైంగిక ప్రత్యుత్పత్తి. ఈ నిర్వచనాలు ఇంటర్మీడియట్‌లోనే బట్టీపట్టాను. అర్థం మాత్రం మా చేలో తెలిసింది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. చెరకును రైతెవరూ గింజ చల్లి పండించడు. గడను కళ్ళున్న ముచ్చెలుగా నరికి నాటుతాం. తోట కొట్టాక మోళ్ళ నుంచి పిలక తోట లేస్తుంది. అరటి పిలక, పసుపు కొమ్ము, కంద ముక్క కూడా అంతే. ఇక్కడ జరిగేది సమవిభజన, క్రోమోజోములు మారవు. పిల్ల మొక్క తల్లికి అచ్చు నకలు. తల్లి తీపి ఎంతో పిల్ల తీపీ అంత. రైతుకు కావలసిందీ అదే గదా!

కాని తల్లి బలహీనత కూడా పిల్లకు వస్తుంది. నా చిన్నతనంలో ఒక ఏడు మా తోటకు ఎర్రకుళ్ళు తెగులు తగిలింది. ఆకులు పండుబారి ఎండిపోయాయి. గడ చీలిస్తే లోపలంతా ఎరుపు, మధ్యమధ్య అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన. ఈ శిలీంధ్రం ముచ్చెలతోనే వస్తుందని అప్పుడు మాకు తెలియదు. "ఎకరంలో ఒక్క గడైనా తట్టుకోలేదేమిరా?" అన్నారు నాన్న. ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ ప్రశ్నకు జవాబు విజయవాడ వచ్చి బి.యస్సీ. చేరాక దొరికింది. తోటలో వేల గడలున్నా, జన్యురీత్యా అదంతా ఒక్క మొక్కే. ఒకటి లొంగితే అన్నీ లొంగినట్లే.

పువ్వు దారి వేరు. బీజకణాలు ఏర్పడేటప్పుడు క్షయకరణ విభజనలో గుణాలు పేకముక్కల్లా కలగలుస్తాయి. చెరకు పూసి కట్టిన గింజల్లో ఏ రెండూ ఒకటి కావు. చాలావరకు పనికిరానివే కావచ్చు; తెగులును తట్టుకునేదీ వాటిలోనే ఉండవచ్చు. 1912లో కోయంబత్తూరులో వెలసిన చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ ఈ దారే పట్టారు. లావు చెరకును రెల్లుతో సంకరపరచి, 1918లో ఉత్తర భారతానికి కో 205 రకాన్ని అందించారు. కృష్ణ ఒడ్డున మనం పనికిమాలినదనుకునే ఆ రెల్లే చెరకుకు మొండితనం పోసింది! మేలైన సంకరం దొరికాక దాన్ని మళ్ళీ ముచ్చెలతోనే పెంచుతారు. కొత్తదనాన్ని ఇచ్చేది పువ్వు, దాన్ని నిలబెట్టేది ముచ్చె.

ఇప్పుడు నాన్న ముచ్చెలు తెచ్చేముందు ఆ తోటలో నాలుగు గడలు చీల్చి చూస్తారు. చేనంతా ఒకే రకం వేయరు.

మిత్రులారా, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఈ ఏటి విత్తనం ఎక్కడిదని మీ నాన్నగారిని అడగండి. మన వృక్షశాస్త్రం అక్కడే మొదలవుతుంది.