శాలువా కప్పిన తర్వాత: ఢాకా ఆర్కిటెక్టుల నుంచి దాతలు నేర్చుకోదగ్గ సంగతులు

మన వార్షిక సభలో ప్రతిసారీ ఒక అరగంట సేపు ప్రతిభావంతులైన పట్టభద్రుల సన్మానానికి కేటాయిస్తాం. పేరు పిలుస్తాం, శాలువా కప్పుతాం, జ్ఞాపిక చేతికిస్తాం, ఫోటో దిగుతాం. ఇన్నేళ్లలో ఆ వేదిక ఎక్కిన పిల్లల్ని గుర్తు చేసుకుంటే డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, సీఏలున్నారు, ఇద్దరు ముగ్గురు వకీళ్లూ ఉన్నారు. ఆర్కిటెక్చర్ చదివినవారు మాత్రం ఒక్కరూ లేరు. విచిత్రం ఏమిటంటే, దాతలిచ్చిన సొమ్ముతో మనం చేసే పనుల్లో కట్టడాలే ఎక్కువ. మస్జిద్, మదరసా, హాస్టల్, షాదీఖానా, కుట్టు శిక్షణ కేంద్రం, ఏది తీసుకున్నా చందాలో పెద్ద వాటా ఇటుకకూ ఇనుముకూ సిమెంటుకూ పోతుంది. ఆ సొమ్ముకు తగిన ఫలితం ఎలా రాబట్టాలో ఐదేళ్లపాటు చదువుకునే విద్య ఒకటి ఉందని మాత్రం మనకు తట్టదు. (ఆర్కిటెక్ట్ అనగానే ఈశాన్యం మూల ఎటుందో చెప్పే మనిషి అనుకునేవారు ఇంకా ఉన్నారు. ఇది ఆ వాస్తు గురించిన వ్యాసం కాదని ముందే మనవి.)

అందుకే ఈ ఏడాది సంచికలో ఒక విశ్వవిద్యాలయపు ఆర్కిటెక్చర్ విభాగాన్ని, అక్కడ చదివి ప్రపంచ గౌరవం అందుకున్న కొందరు పట్టభద్రులను దాతల ముందుకు తెస్తున్నాం. అది బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని ఇంజనీరింగ్, సాంకేతిక విశ్వవిద్యాలయం. అక్కడివారు దాన్ని ముద్దుగా 'బువెట్' అంటారు.

ఆ సంస్థ పుట్టుక మనలాంటివారు తెలుసుకోదగ్గది. 1876లో భూమి కొలిచే ఉద్యోగుల కోసం ఢాకాలో ఒక సర్వే పాఠశాల పెట్టారు. దాన్ని ఇంజనీరింగ్ పాఠశాలగా పెంచడానికి ఢాకా నవాబు ఖ్వాజా అహ్సనుల్లా 1 లక్షా 12 వేల రూపాయలు ఇస్తానని మాట ఇచ్చారు. ఆ మాట నెరవేరకముందే, 1901లో ఆయన కాలం చేశారు. కొడుకు నవాబ్ సలీముల్లా తండ్రి మాటను అప్పుగా భావించి ఆ మొత్తం చెల్లించారు. 1908లో పాఠశాలకు అహ్సనుల్లా పేరు పెట్టారు. మన చందా రిజిస్టరులోనూ తండ్రులు రాయించిన అంకెలు కొన్ని సిరాగానే మిగిలిపోయాయి. ఈ కథ చదివి ఎవరైనా ఇంటికెళ్లి పాత డైరీ తిరగేస్తే మాకు సంతోషమే.

ఆ పాఠశాల కాలేజీ అయింది, 1962లో విశ్వవిద్యాలయం అయింది. అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చిన అధ్యాపకుల సాయంతో ఆర్కిటెక్చర్ బోధన మొదలైంది కూడా ఆ ఏడాదే. అక్కడ చదివి బయటికొచ్చినవారు ముప్పై నలభై ఏళ్లలో తమ దేశపు ఇటుకనూ, వెదురునూ, వరదనూ ఎలా అర్థం చేసుకున్నారో ఇప్పుడు చూద్దాం.

మస్జిద్ కమిటీల్లో ఉన్న సోదరులు ముఖ్యంగా బైతుర్ రవూఫ్ మస్జిద్ కథ వినాలి. ఢాకా ఉత్తర శివారులో, ఉత్తరా దగ్గరి ఫైదాబాద్‌లో సుఫియా ఖాతూన్ అనే పెద్దావిడ ఉండేవారు. జీవితంలో చాలా కష్టాలు చూశారు, అయినవాళ్లను పోగొట్టుకున్నారు. తన భూమిలో కొంత మస్జిద్‌కు ఇచ్చేశారు. ముందు అక్కడ తాత్కాలికంగా ఒక షెడ్డు వేశారు. ఆమె మనవరాలు మరీనా తబస్సుమ్ బువెట్‌లో చదివిన ఆర్కిటెక్ట్. మస్జిద్ పూర్తి కాకముందే పెద్దావిడ కన్నుమూశారు. ఆ తర్వాత ప్లాను గీయడమే కాదు, చందా పోగు చేయడం, పని దగ్గరుండి చూసుకోవడం కూడా మనవరాలి మీదే పడింది. చివరికి 2012లో అది పూర్తయింది.

ఆ స్థలానికో చిక్కుంది. నేల అంచులకూ ఖిబ్లా దిశకూ 13 డిగ్రీల తేడా. ఈ చిక్కు మనకు కొత్తేమీ కాదు. మన బస్తీల్లో ఎన్నో మస్జిదుల్లో గోడలు ఒకవైపు చూస్తుంటే సఫ్ గీతలు ఏటవాలుగా వేరే వైపు సాగుతాయి. మూలల్లో మనిషి నిలబడలేని ముక్కలు మిగులుతాయి, అక్కడ చెప్పుల బీరువానో పాత చాపలో చేరతాయి. తబస్సుమ్ బయట చదరపు ఇటుక గోడలు కట్టి, లోపల ఒక గుండ్రని గోడ తిప్పి, దాని లోపల నమాజు హాలును ఖిబ్లా వైపు తిప్పి నిలబెట్టారు. గుండ్రటి దానిలో దేన్ని ఎటు తిప్పినా ఇబ్బంది లేదు కదా! హాలుకూ గుండ్రటి గోడకూ మధ్య నాలుగు పక్కలా మిగిలిన చోటును ఆకాశానికి వదిలేశారు. అక్కడినుంచే వెలుతురు దిగుతుంది, గాలి తిరుగుతుంది. మన మస్జిదుల్లో చెప్పుల బీరువాకు పోయే జాగా అక్కడ దీపమైంది.

ఎనిమిది స్తంభాల మీద నిలిచిన ఆ హాలుకు ఏసీ లేదు. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన జాలీ గోడల గుండా గాలి వస్తుంది. పైకప్పులో అక్కడక్కడ గుండ్రటి రంధ్రాలు పెట్టారు, పగటిపూట నేల మీద వెలుగు చుక్కలు పడతాయి. మిహ్రాబ్ చోట చెక్కడపు పనేమీ లేదు, ఇటుక గోడలో నిలువుగా ఒక సందు, దాని వెనకనుంచి వచ్చే వెలుగు, అంతే. వర్షం నీరు రాకుండా ఎత్తుగా కట్టిన అరుగు మీద సాయంత్రాలు ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు. విస్తీర్ణం సుమారు 750 చదరపు మీటర్లు మాత్రమే.

గుమ్మటం లేదు, మినార్ లేదు. మొదటిసారి ఫోటో చూసినప్పుడు మాలోనూ కొందరు "ఇది మస్జిద్ ఎలా అవుతుంది?" అన్నారు. మదీనాలో ప్రవక్త (స) కట్టిన మస్జిద్‌కు పచ్చి ఇటుక గోడలు, ఖర్జూర మానుల స్తంభాలు, మట్టల కప్పు ఉండేవని మాలోనే ఒక పెద్దాయన గుర్తు చేశాక ఆ మాట ఆగింది. గుమ్మటం వద్దని మేమనడం లేదు. గుమ్మటానికి డబ్బు చాలక పని మూడేళ్లు ఆగిపోయి, ఆ మూడేళ్లూ జమాఅత్ రేకుల కింద ఉడికిపోయిన చోట్లు మాకు తెలుసు కనుక ఇంత చెబుతున్నాం.

ఈ మస్జిద్‌కు 2016లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. 1977లో నెలకొల్పిన ఈ అవార్డును మూడేళ్లకోసారి ఇస్తారు, మొత్తం బహుమతి పది లక్షల డాలర్లు. అది ఆర్కిటెక్ట్ ఒక్కరికే దక్కే పతకం కాదు. కట్టించినవారు, కట్టినవారు, పనిమంతులు కూడా ఆ గౌరవంలో వాటాదారులు. సన్మానం చేసే పద్ధతిలో మాకు బాగా నచ్చింది ఇదే. మన వేదిక మీద పట్టభద్రుడు ఒక్కడే నిలబడతాడు. అతని ఫీజు కట్టిన దాత వెనక వరుసలో కూర్చుంటాడు, కొన్నిసార్లు తన డబ్బుతో చదివింది ఈ పిల్లవాడేనని కూడా ఆయనకు తెలియదు.

ఆ ఏడాది గెలిచిన ఆరు కట్టడాల్లో రెండు బంగ్లాదేశ్‌వే. రెండోదాన్ని కట్టినది కూడా బువెట్ పట్టభద్రుడే, కాషెఫ్ మహబూబ్ చౌధురి. ఉత్తరాదిన గైబంధాలో 'ఫ్రెండ్‌షిప్' అనే స్వచ్ఛంద సంస్థ శిక్షణ కేంద్రం అది. పల్లపు నేల, ఏటా వరద భయం. భవనాన్ని ఎనిమిది అడుగులు ఎత్తు లేపాలంటే ఉన్న డబ్బులో పెద్ద భాగం మట్టి నింపడానికే పోతుంది. అందుకని భవనాన్ని నేల మీదే ఉంచి, చుట్టూ మట్టి కట్ట పోశారు. స్థానికంగా కాల్చిన ఇటుకతో గదులు కట్టి, కప్పుల మీద గడ్డి పెంచారు. దూరంనుంచి చూస్తే పొలమే కనిపిస్తుంది, దగ్గరికెళితే కింద తరగతి గదులు, నీటి కొలనులు, చిన్న చిన్న ముంగిళ్లు. ఆర్కిటెక్టును పెడితే ఖర్చు పెరుగుతుందనే మాట కమిటీ సమావేశాల్లో తరచూ వింటాం. ఇక్కడ డబ్బు లేకపోవడమే ఆ ఉపాయాన్ని పుట్టించింది. అదే సంస్థకు సాత్‌ఖీరా జిల్లా శ్యామ్‌నగర్‌లో చౌధురి కట్టిన 80 పడకల ఆసుపత్రికి బ్రిటన్ రాజ ఆర్కిటెక్టుల సంస్థవారి 2021 అంతర్జాతీయ బహుమతి వచ్చింది. భూగర్భ జలం ఉప్పుగా ఉండే ఊరది. ఆసుపత్రి మధ్యలో కాలువ తవ్వి వాన నీటిని దానిలోకి మళ్లించారు.

ఇక మా సొంత ముచ్చట ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మేము పిల్లల హాస్టల్‌కు ఒక పెద్ద హాలు వేయించాం. ఆర్కిటెక్ట్ ఫీజు దండగ అనుకున్నాం, మేస్త్రీకి తెలియని పనా అనుకున్నాం. కిటికీలు పక్కింటి గోడకు ఎదురుగా వచ్చాయి. స్లాబు ఎత్తు తగ్గింది. మే నెలలో పిల్లలు చాపలు పట్టుకుని మేడ మీదికి పోతారు. రోడ్డు ఎత్తు పెంచినప్పటినుంచి వానాకాలంలో గుమ్మంలోకి నీళ్లు వస్తున్నాయి. ఫ్యాన్లకూ, గాలి లాగే మరలకూ, నీళ్లు తోడే మోటారుకూ, కరెంటు బిల్లులకూ ఇప్పటిదాకా పెట్టినదాన్ని కలిపితే ఆనాడు మిగిల్చామనుకున్న ఫీజు ఎన్నో రెట్లయింది. తప్పు మేస్త్రీది కాదు, మేము చెప్పినట్టే అతను కట్టాడు. మీరిచ్చిన సొమ్ము అది, అందుకే మీకు చెబుతున్నాం.

మూడో ఉదాహరణ గోదావరి లంకల్లో బంధువులున్నవారికి దగ్గరగా తోస్తుంది. ఢాకాకు కొద్ది దూరంలో, దక్షిణ కనార్‌చర్ అనే చోట నది ఒడ్డున ఒక నేల ఏడాదిలో మూడో వంతు కాలం నీట మునిగి ఉంటుంది, లోతు మూడు మీటర్ల దాకా. రజియా ఆలం అనే ఉపాధ్యాయురాలు ఇంగ్లండులో దశాబ్దాలు పిల్లలకు పాఠాలు చెప్పి, తన పింఛను సొమ్ముతో స్వదేశంలో బడి పెట్టారు. ఆ బడికి ఇదే స్థలం. బువెట్‌లోనే చదివిన సైఫుల్ హఖ్ అక్కడ నీటితోపాటు లేచే బడి కట్టారు. వెదురు చట్రాల్లో ఖాళీ ఇనుప పీపాలు బిగించి తేలేలా చేశారు. వేసవిలో నేల మీద ఆనుతుంది, వరదొస్తే తేలుతుంది. ఇనుప తీగ తుప్పు పడుతుందని చాలా చోట్ల ముళ్లు తాడుతోనే వేశారు. వెదురు నీటికి పాడవకుండా ఆ ప్రాంతంలో దొరికే గాబ్ కాయలను ఉడికించి తీసిన రసం పూశారు. ఇలాంటివి కాలేజీ పుస్తకాల్లో ఉండవు. పడవలు చేసేవాళ్లనూ వెదురు పనివాళ్లనూ అడిగి తెలుసుకోవాలి. అడగాలని తోచడమే ఆ చదువు నేర్పేది. దానికి 2019లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

మరీనా తబస్సుమ్ అక్కడే ఆగలేదు. నది మేట వేసిన చర్ల మీద బతికే కుటుంబాల కోసం వెదురూ ఉక్కు కీళ్లతో విప్పి వేరేచోట బిగించుకోగల రెండంతస్తుల చిన్న ఇల్లు తయారు చేశారు. వరదొస్తే సామాను, మనుషులు పైకెక్కుతారు. నేల కోసుకుపోతే ఇంటిని విప్పి పడవలో వేసుకుని పోతారు. 'ఖుదీ బారీ', అంటే చిన్న ఇల్లు అని దాని పేరు. 2025లో ఆమెకు రెండోసారి ఆగాఖాన్ అవార్డు తెచ్చింది అదే. పెద్దావిడ ఇచ్చిన నేల మీద మొదలైన పని భూమి లేనివాళ్ల ఇంటిదాకా వెళ్లింది.

మన పిల్లల్లో బొమ్మలు బాగా వేసే, లెక్కల్లో చురుకైన వాళ్లకు ఈ దారి తెలియదు. ఇంటర్ తర్వాత నాటా అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. బీ.ఆర్క్ చదువు ఐదేళ్లు. మన దగ్గరే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలో కేంద్ర ప్రభుత్వ ప్రణాళిక, ఆర్కిటెక్చర్ విద్యాలయం ఉన్నాయి. ఫీజు ఒక్కటే కాదు, డ్రాయింగ్ సామాను, నమూనాలకు అట్టలూ చెక్కలూ, మంచి కంప్యూటరు, ఊళ్లు తిరిగి కట్టడాలు చూసే ఖర్చు కూడా ఉంటాయి. ట్యూషన్ ఫీజు రసీదు చూసి సాయం చేసే మన పద్ధతిలో ఇవేవీ లెక్కలోకి రావు. పేద ఇంటి పిల్లలు రెండో ఏడో మూడో ఏడో మానేయడానికి చాలా చోట్ల ఇదే కారణం.

ఈ ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులో కోర్సుల పట్టికలోకి బీ.ఆర్క్ చేర్చాం, సామాను ఖర్చుకు వేరే గడి పెట్టాం. సన్మానానికి వచ్చే ప్రతి పట్టభద్రుడి పక్కన ఫీజు కట్టిన దాతను కూడా వేదిక మీదికి పిలుస్తాం, పేరు చెప్పుకోవడం ఇష్టం లేనివారిని తప్ప. ఇక ఆ హాస్టల్ హాలు. దాని మీద ఇంకో అంతస్తు వేయాలని కమిటీ నిర్ణయించింది. స్థలం కొలతలు, గాలి వచ్చే దిక్కు, వర్షాకాలంలో నీరు నిలిచే ఎత్తు రాసి కార్యాలయంలో పెట్టాం. మీ బంధుమిత్రుల్లో ఆర్కిటెక్ట్ ఎవరైనా ఉంటే ఒకసారి మే నెల మధ్యాహ్నం పూట ఆ హాలులోకి వచ్చి కూర్చోమనండి. ఈసారి ఫీజు ఇస్తాం.