న్యాయస్థానాలపై అజమాయిషీ

తీర్పు చెప్పేవానికి భయం ఉండరాదు; జవాబుదారీతనం మాత్రం ఉండి తీరాలి. పరస్పర విరుద్ధాలుగా తోచే ఈ రెండు ధర్మాలను సమన్వయపరచడమే న్యాయపాలనలోని కీలకాంశం.

ఆంగ్లేయుల పాలనలో జిల్లా కలెక్టరు శిస్తు వసూలు చేసేవాడు; మేజిస్ట్రేటుగా శిక్షలూ విధించేవాడు. అభియోగం మోపే ప్రభుత్వమే తీర్పరి స్థానంలో కూర్చుంటే సామాన్యునికి న్యాయం దుర్లభమని జాతీయ నాయకులు ఆనాడే ఆక్షేపించారు. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేయాలని రాజ్యాంగంలోని 50వ అధికరణం ఆదేశించింది. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జుడిషియల్ మేజిస్ట్రేట్లను కార్యనిర్వాహక మేజిస్ట్రేట్ల నుండి విడదీసింది. 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ విభజనను కొనసాగించింది.

మనది సమాఖ్య వ్యవస్థే అయినా, అమెరికాలో వలె కేంద్రానికీ, రాష్ట్రాలకూ వేర్వేరు న్యాయస్థాన శ్రేణులు లేవు. అప్పీళ్ల మార్గంలో దిగువ కోర్టు నుండి సుప్రీంకోర్టు వరకు ఉన్నది ఒకే సోపానక్రమం. పరిపాలనలో మాత్రం జిల్లా కోర్టులపైనా, వాటి దిగువ కోర్టులపైనా నియంత్రణను 235వ అధికరణం ఆయా హైకోర్టులకే అప్పగించింది. జిల్లా న్యాయమూర్తులను గవర్నరు హైకోర్టును సంప్రదించి నియమిస్తారు.

'నియంత్రణ' అనే మాటకు పరిధి ఎంత? పశ్చిమ బెంగాల్‌లో ఒక జిల్లా న్యాయమూర్తిపై రాష్ట్ర ప్రభుత్వం తానే శాఖాపరమైన విచారణ జరిపించి, ఆయనను ఉద్యోగం నుండి తొలగించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. నియంత్రణ అంటే దైనందిన కార్యాల పర్యవేక్షణ మాత్రమే కాదనీ, క్రమశిక్షణాధికారం కూడా అందులో అంతర్భాగమనీ, విచారణ జరపవలసినది హైకోర్టేననీ 1965లో ఆ న్యాయస్థానం తేల్చిచెప్పింది. ప్రభుత్వమే కక్షిదారుగా నిలిచే వ్యాజ్యాలు కోకొల్లలు. ఆ ప్రభుత్వం చేతిలోనే న్యాయాధికారి ఉద్యోగం ఉంటే అతని కలం నిర్భయంగా సాగగలదా?

రాష్ట్ర విభజనానంతరం ఈ అధికార స్వరూపం తెలుగువారికి ప్రత్యక్షానుభవమైంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినా, 2018 చివరి వరకు రెండు రాష్ట్రాల దిగువ కోర్టులను హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టే నియంత్రించింది. 2019 జనవరి 1 నుండి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర హైకోర్టు ఏర్పడి, ఆ బాధ్యత రెండుగా విడివడింది.

అయినా కోర్టు భవనాలకూ, సిబ్బంది జీతాలకూ నిధులు ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్ నుండి రావాలి. నియంత్రణ ఒకరిదై, ధనాగారం మరొకరిదైనప్పుడు పరస్పర గౌరవం లేనిదే న్యాయరథం ముందుకు సాగదు. హైకోర్టు కూడా తన అధికారాన్ని ఆచితూచి వినియోగించాలి. తీర్పులో పొరపాటు దొర్లితే దానిని సరిదిద్దవలసింది అప్పీలు; నడవడిలో దోషముంటే సరిదిద్దవలసింది క్రమశిక్షణ. నచ్చని తీర్పుకు బదిలీ బహుమానమైతే, దిగువ న్యాయాధికారికి పైకోర్టు సైతం మరొక ప్రభుత్వంగానే తోస్తుంది.

పౌరుడు మొదట తట్టేది సుప్రీంకోర్టు తలుపు కాదు, తన ఊరి మున్సిఫ్ కోర్టు తలుపు. అక్కడి న్యాయపీఠం నిర్భయంగా, నిష్కళంకంగా నిలిచిననాడే రాజ్యాంగం ఇచ్చిన మాట నిలుస్తుంది.

ప్రశ్నలు
1. 235వ అధికరణంలోని 'నియంత్రణ'కు సుప్రీంకోర్టు ఇచ్చిన వివరణను తెలపండి.
2. అప్పీలుకూ, క్రమశిక్షణకూ గల భేదాన్ని చర్చించండి.