ఎటూ మాట్లాడకుండా ఉండిపోనా?

సమస్య: అమ్మా, మాది నెల్లూరు తీరంలో ఓ పల్లె. పొదుపు సంఘం లీడరుని. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు పెరిగాక బోరు నీళ్లు ఉప్పెక్కాయి. రాత్రి పట్టిన బిందెకు తెల్లారేసరికి అంచున తెల్లటి పొర కడుతోంది. తాగడానికి క్యాన్లు కొంటున్నాం. ఇప్పుడు తాగునీటి బోరు పక్క చేలనూ గుంటలకు లీజుకిస్తున్నారట. గ్రామసభలో అడుగుదాం, నువ్వు ముందుండమని సంఘం వాళ్లు అంటున్నారు. మా బావగారికి గుంటలున్నాయి. మా ఆయనకు పని అక్కడే. ‘మనకెందుకు, ఎటూ మాట్లాడకు’ అంటున్నారు. ఏం చేయను?
- ఓ సోదరి

సలహా: అమ్మా, మీ భయం ఉత్తిది కాదు. అన్నం పెట్టే పని మీద నోరు విప్పడం కష్టమే. అయితే గ్రామసభలో ఎవరూ అడ్డు చెప్పకపోతే ఊరంతా ఒప్పుకున్నట్టే లెక్క. ఎటూ కాదనుకుని కూర్చున్నా మీరు గుంటలవైపే ఉన్నట్టు.

మీ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. తాగి వచ్చేది ఇంటి మగవాళ్లే. గొడవ ఇంట్లోనే మొదలు. అయినా అక్షరాస్యత తరగతుల్లో కలిసి చదువుకున్న వాళ్లు, ఆ ఊరి రోశమ్మలాంటి వాళ్లు ముందు నడవగా, కలిసే వెళ్లారు. జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. రోజుకో రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ కూడా ఆ ఉద్యమం వెంటే మీ జిల్లాలో వచ్చింది. మీ సంఘానికి ఆ చరిత్ర ఉంది.

సభకు ముందే ఇంట్లో చెప్పండి. బావగారు ఆ మాట నలుగురిలో మొదటిసారి వినకూడదు. ‘ఉన్న గుంటలు పూడ్చమనట్లేదు, తాగునీటి పక్కన కొత్తవి వద్దంటున్నాం’ అనండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లతో నీళ్లు పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకెళ్లండి. 2005 చట్టం ప్రకారం తీరంలో రొయ్యల సాగుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుంటలకు ఉందా అని అడగండి. అర్జీ మీ ఒక్కరి పేరున వద్దు, సంఘమంతా సంతకాలు పెట్టండి. మీరన్నది తీర్మానాల పుస్తకంలో రాయించే దాకా లేవకండి.

ఇంట్లో అలకలు నాలుగు రోజుల్లో తీరతాయి. ఉప్పెక్కిన నేల నీరు బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. వెళ్లి మాట్లాడండి.