నక్షత్రపు గుర్తుతో ఫైళ్లను వెదకుట

విద్యార్థులారా, స్క్రిప్టులో ఫైళ్లను పేర్లనుబట్టి వెదకుటకు రెండు గుర్తులు కలవు. నక్షత్రము (*) ఎన్ని అక్షరములకైనను, అక్షరమే లేని చోటునకైనను సరిపోవును, ప్రశ్నార్థకము (?) ఒక్కదానికే. 'మార్కులు-?' అనినచో 'మార్కులు-7' దొరకును గాని 'మార్కులు-10' దొరకదు. తెలుగువారికొక చిక్కు కలదు: 'స్త్రీ' మనకొక్క అక్షరమే, యూనికోడులో అది ఆరు సంకేతములు. అచ్చట ఒక్క ప్రశ్నార్థకము చాలదు.

1971 నాటి యూనిక్సులో ఈ గుర్తులను విప్పుటకు 'గ్లాబ్' అను వేరు ప్రోగ్రామే యుండెను. నేడు షెల్లే విప్పును. అది నక్షత్రమును తీసివైచి, సరిపోయిన పేర్లనన్నిటిని ఆ స్థానమున నుంచి, పిమ్మటనే ఆజ్ఞకు అందించును. తుడిచివేయు ఆజ్ఞ నక్షత్రమును చూడనే చూడదు. కావున 'పాత*' అనుటకు మారుగా 'పాత *' అని నడుమ ఖాళీ విడిచినచో ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నియు పోవును. చుక్కతో మొదలగు పేర్లు మాత్రము మిగులును. నక్షత్రము వాటిని తాకదు.

అందుచేత మేము మా తరగతిలో తుడిచివేయు ఆజ్ఞను వెంటనే వ్రాయనీయము. ముందుగా అదే నమూనాను 'ఎకో' ఆజ్ఞకిచ్చి, వచ్చిన పేర్లను బిగ్గరగా చదివింతుము. ఒక్క పేరు అధికమైనను నమూనాను మరల వ్రాయవలసినదే.