అతుకుపని: చిన్న చదరములతో శిశువు దుప్పటి

మన ఇండ్లలో శిశువు పుట్టకముందే పెద్దలు సిద్ధపరచు వస్తువులలో బొంత యొకటి. అమ్మమ్మ కట్టి విడిచిన మెత్తని నూలుచీరను మడతలు వేసి కుట్టిన దానిని తెలుగు ఇండ్లలో బొంత అనియు, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో గుదడీ అనియు పిలుతురు. పేర్లు వేరైనను పని యొక్కటే. చిన్న ముక్కలను చేర్చి వెచ్చని వస్త్రమొకటి చేయుటయే ఆ పని. ఈ వ్యాసములో మేము వివరింపబోవునది ఆ బొంతకు చెల్లెలు వంటి వస్తువు. క్రోషా సూదితో చిన్న చిన్న చదరములు అల్లి, వానిని అతికి చేసిన శిశువు దుప్పటి అది.

మేము అనగా కళాశాల హస్తకళల విభాగములో పనిచేసిన ఆరుగురము. మాలో ముగ్గురు ఉర్దూ మాధ్యమము వారు, ముగ్గురు తెలుగు మాధ్యమము వారు. వారు ‘క్రోషియా’ అందురు, మేము ‘లేసు అల్లిక’ అందుము. మా కళాశాలలో పనిచేయు ఆయమ్మ గారికి మనుమరాలు కలుగగా, ఆ పాపకొక దుప్పటి అల్లి ఇవ్వవలెనని సంకల్పించితిమి. ఆ పనిలో మేము నేర్చినదియు, చెరిపి మరల నేర్చినదియు తరువాతి తరగతుల వారికి ఉపయోగపడునని దీనిని వ్రాయుచున్నాము.

ఈ అల్లిక ఎచ్చటిది?

క్రోషే అను మాట ఫ్రెంచి భాషలోనిది. చిన్న కొక్కెము అని దాని అర్థము. నిట్టింగులో రెండు సూదులపై అనేక ఉచ్చులు ఒకేసారి నిలిచియుండును. క్రోషాలో కొక్కెమున్న సూది ఒకటే. ఒక కుట్టు ముగియగానే దానిపై మిగులునది ఒక్క ఉచ్చు మాత్రమే. అందువలన పని జారిపోదు, తప్పు వచ్చినచో విప్పుట సులభము. ఐర్లండులో 1845లో మొదలైన ఘోరమైన కరవు కాలమున ఈ లేసు అల్లిక ఎన్నో పేద కుటుంబములకు కూడు పెట్టినది. మధ్య నుండి వెలుపలికి చుట్లుగా అల్లు చదరము, ఇంగ్లీషులో ‘గ్రానీ స్క్వేర్’ అనబడునది, 1885లో అమెరికాలోని ‘ప్రెయిరీ ఫార్మర్’ పత్రికలో అచ్చయినది.

మన రాష్ట్రమునకును ఈ విద్యతో గట్టి సంబంధమున్నది. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు పశ్చిమ గోదావరి ప్రాంతపు నరసాపురము స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. అచ్చటి లేసు దేశాంతరములకు ఎగుమతి యైనది. 2024లో నరసాపురము క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఊళ్లలో విడి పువ్వులను, చదరములను చేర్చి కుట్టుటను ‘అతుకుపని’ అందురు. ఈ వ్యాసమునకు పేరు మేము అచ్చటినుండియే తీసికొంటిమి.

కావలసిన వస్తువులు

శిశువుల కొరకు అమ్ము మెత్తని నూలు దారము గాని, నూలు కలిసిన దారము గాని సుమారు 500 గ్రాములు, 4 మిల్లీమీటర్ల క్రోషా సూది, మొన మొద్దుగా నుండు పెద్ద కన్ను సూది, కొలత టేపు, కత్తెర. మన ఉక్కపోతకు నూలు మేలు. ఉన్ని కొందరు పిల్లలకు దురద పుట్టించును, వేడినీటిలో ముడుచుకొనిపోవును. అక్రిలిక్ చవుక, ఉతుకుట సులభము. కాని వేడికి కరగును గనుక దానిపై ఇస్త్రీపెట్టె ఆనింపరాదు. ఎరుపు, ముదురు నీలము వంటి రంగులు వాడదలచినచో ముందుగా కొంచెము దారమును తడిపి తెల్లగుడ్డపై అదిమి చూడవలెను. రంగు దిగినచో ఆ దారమును శిశువు దుప్పటికి వాడరాదు.

మా లెక్క ఇట్లున్నది. చదరము ఒక్కొక్క ప్రక్క 10 సెంటీమీటర్లు. అడ్డము 8, నిలువు 8, మొత్తము 64 చదరములు. అతికిన పిదప 80 సెంటీమీటర్లు. అంచుతో కలిపి 84.

చదరము అల్లు విధము

ముందుగా ట్రెబుల్ కుట్టు నేర్వవలెను. దారమును ఒకసారి సూదిపై చుట్టి, సందులో సూదిని దూర్చి దారమును లాగినచో సూదిపై మూడు ఉచ్చులుండును. మరల దారము తీసికొని రెండు ఉచ్చులగుండా లాగవలెను. ఇంకొకసారి తీసికొని మిగిలిన రెండింటిగుండా లాగవలెను. చిన్న స్తంభము వంటి కుట్టు ఏర్పడును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇంగ్లండు పుస్తకములలో ట్రెబుల్ అనబడునదే అమెరికా పుస్తకములలో డబుల్ క్రోషే. పుస్తకము ఏ దేశముదో చూడక మొదలుపెట్టినచో చదరము పొట్టిదో పొడుగుదో యగును.

మొదటి చుట్టు: 4 గొలుసు కుట్లు వేసి, కొనలు కలిపి వలయము చేయవలెను. 3 గొలుసులు వేసి (ఇది ఒక ట్రెబుల్‌గా లెక్క), వలయములో మరి 2 ట్రెబుల్‌లు అల్లవలెను. ఈ మూడును కలిసి ఒక గుత్తి. పిదప 2 గొలుసులు, ఇది మూల. ఇట్లు మొత్తము 4 గుత్తులు, 4 మూలలు వచ్చునట్లు అల్లి చుట్టు కలుపవలెను.

రెండవ చుట్టు: ప్రతి మూల సందులోను ఒక గుత్తి, 2 గొలుసులు, మరొక గుత్తి. మూలకు మూలకు నడుమ 1 గొలుసు. మొత్తము 8 గుత్తులు.

మూడవ చుట్టు: మూలలు వెనుకటివలెనే, ప్రక్కనున్న ప్రతి సందులో ఒక గుత్తి. మొత్తము 12.

నాలుగవ చుట్టు: అదే పద్ధతి, ప్రతి ప్రక్కన రెండు సందులుండును గనుక మొత్తము 16.

చుట్టుకు నాలుగు గుత్తులు పెరుగుటయే దీని సూత్రము. లెక్క తప్పినచో ఏదో ఒక మూల విడిచితిమని గ్రహింపవలెను. మేము లోపలి మూడు చుట్లు ఒక రంగుతోను, కడపటి చుట్టు అన్నిటికిని తెలుపుతోను అల్లితిమి. తెల్లని చుట్టు అన్ని చదరములను ఒకే కుటుంబముగా చూపును. ఒక చదరములో ట్రెబుల్‌లు 12, 24, 36, 48 చొప్పున 120. 64 చదరములలో 7,680.

మేము చేసిన పొరపాటు

ఆరుగురము ఇండ్లకు దారము పంచుకొని వెళ్లి, మూడు వారములలో 64 చదరములు తెచ్చితిమి. బల్లపై పరచినప్పుడు మా ముఖములు వెలవెలబోయినవి. అందరి లెక్కయు సరియే, గుత్తులు పదునారే. కాని బిగువు చేయి గలవారి చదరము 9 సెంటీమీటర్లు, వదులు చేయి గలవారిది 11. ఒక వరుసలో ఎనిమిది చిన్నవి 72 సెంటీమీటర్లు, ప్రక్క వరుసలో ఎనిమిది పెద్దవి 88. పదునారు సెంటీమీటర్ల తేడాను ఏ అతుకు మాన్పగలదు? లాగి కుట్టి చూచితిమి. దుప్పటి నడుమ ఉబ్బి గిన్నెవలె నిలిచినది.

ఎవరి చదరములు తప్పు అను ప్రశ్న వచ్చినది. ఒక సహపాఠిని కంట నీరు పెట్టుకొనినది కూడ. అప్పుడు మరియొక చెలి తన నానీ అమ్మా చెప్పిన మాట మాకు చెప్పినది. చేయి మార్చుకొనుట కష్టము, సూది మార్చుకొనుట సులభమట. అటులనే చేసితిమి. బిగువు చేతికి నాలుగున్నర, వదులు చేతికి మూడున్నర మిల్లీమీటర్ల సూది ఇచ్చి, బాగా తేడా వచ్చిన 22 చదరములను విప్పి మరల అల్లితిమి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నవానిని మాత్రము తడిపి, దళసరి అట్టపై గీచిన 10 సెంటీమీటర్ల గడిలో గుండుసూదులతో బిగించి ఆరబెట్టితిమి, అవి సరిపడినవి.

కావున పలువురు కలిసి చేయునప్పుడు ప్రతి యొకరును మొదట ఒక్క చదరము మాత్రమే అల్లి తెచ్చి, కొలిచి, సూది నిర్ణయించుకొనిన పిదపనే మిగిలినవి మొదలుపెట్టవలెను. ఈ నియమము మాకు ముందే తెలిసియున్నచో 22 చదరముల శ్రమ మిగిలెడిది.

అతుకు విధము

చదరములను నేలపై పరచి రంగుల వరుస చూచుకొనవలెను. ఒక్కొక్క చదరమును విడివిడిగా కుట్టక, మొదట అడ్డపు వరుసలన్నిటిని ఈ కొననుండి ఆ కొనకు ఒకే దారముతో కుట్టి, పిమ్మట నిలువు వరుసలు కుట్టవలెను. అడ్డము 7, నిలువు 7 అతుకులు, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు. మొత్తము 11 మీటర్ల 20 సెంటీమీటర్ల కుట్టు. ఎదురెదురు కుట్ల వెనుక పోగులను మాత్రమే పట్టి కుట్టినచో అతుకు చదునుగా పరుండును. క్రోషా సూదితోనే కలిపినచో గట్టిదనము వచ్చును, కాని గట్టువలె లేచును. శిశువు మేనికి ఆ గట్టు ఒరసుకొనును. నాలుగు మూలలు కలియుచోట రెండుసార్లు కుట్టవలెను. దుప్పటి చిరుగుట అచ్చటనే మొదలగును.

దారపు కొనల విషయమున బద్ధకము కూడదు. రంగుకు రెండు కొనల చొప్పున చదరమునకు 4, మొత్తము 256 కొనలు. ప్రతి కొనను 12 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ వదలి, కుట్ల లోపల ఒక దిక్కునకును, తిరిగి ఎదురు దిక్కునకును దూర్చి కత్తిరింపవలెను. ఇది అందము కొరకు మాత్రమే కాదు. వదులైన పోగు పసిబిడ్డ వ్రేలికి చుట్టుకొనినచో రక్తము ఆగి అపాయము కలుగును. వ్రేలు దూరునంత పెద్ద రంధ్రములును ఉండరాదు. మొదటి వలయమును బిగించుట అందుకే.

మరియొక జాగ్రత్త. సంవత్సరము నిండని బిడ్డ నిద్రించునప్పుడు వదులు దుప్పటి ముఖముపై పడినచో ఊపిరికి అడ్డుపడును గనుక, ప్రక్కలో వేయరాదని నేటి శిశువైద్యులు చెప్పుచున్నారు. ఈ దుప్పటి మేలుకొనియున్న బిడ్డను పరుండబెట్టుటకును, పెద్దల కంటి ఎదుట ఒడిలో కప్పుటకును ఉద్దేశింపబడినది.

దీని వెల యెంత?

ఆయమ్మ గారికి ఇచ్చుటకు ముందు ఈ దుప్పటిని కళాశాల ప్రదర్శనలో ఉంచితిమి. చూడవచ్చిన పెద్దలొకరు మెచ్చుకొని వెల అడిగిరి. ఇది అమ్మకమునకు కాదని మేము చెప్పులోపలనే, ప్రక్కనున్నవారు “దారం ఖర్చు ఇస్తే చాలదా, అమ్మాయిలు తీరిక వేళ చేసిందే కదా” అనిరి. దురుద్దేశముతో అన్న మాట కాదు. అయినను ఆ సాయంత్రము మేము లెక్క వేసితిమి.

చదరమునకు మాకు పట్టినది సుమారు 25 నిమిషములు. 64 చదరములకు 26 గంటల 40 నిమిషములు. అతుకునకు 5, కొనలకు 4, అంచునకు 3 గంటలు. మొత్తము 38 గంటల 40 నిమిషములు. విప్పి మరల అల్లిన 22 చదరముల 9 గంటల 10 నిమిషములను ఇందులో చేర్చలేదు. అది మా చదువు ఖర్చు, కొనువారిపై వేయుట న్యాయము కాదు. కాని మిగిలినది పని. దానిని తీరిక అనుటకు వీలు లేదు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్రి మరియా మీస్ నరసాపురము లేసు స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. గంటల తరబడి లేసు అల్లి ప్రపంచ విపణికి సరకు అందించుచున్న స్త్రీలను లోకము శ్రామికులుగా గాక ఇల్లాండ్రుగానే లెక్కించినదనియు, వారి పనిని తీరిక వేళ వ్యాపకముగా తలచుటవలననే కూలి అంత తక్కువగా నిలిచినదనియు ఆమె చూపిరి. మా ప్రదర్శనలో విన్న మాటయు, ఆ గ్రంథములోని మాటయు ఒక్కటే యగుట మమ్ము ఆలోచింపజేసినది. అన్నవారిని నిందించుటకు ముందు, మా పని గంటలు మేమే ఎన్నడును వ్రాసియుంచలేదని ఒప్పుకొనవలసియున్నది.

కావున కళాశాల సంఘము వారికి మా విన్నపమిది. ఇకమీదట ప్రదర్శనలో ఉంచు ప్రతి చేతిపని వస్తువు చీటీపై, చేసినవారి పేరుతోపాటు పట్టిన గంటలు కూడ వ్రాయుటకు అనుమతింపవలెను. అమ్ము వస్తువులకు దారపు ఖరీదుతో పాటు ఆ గంటల కూలిని కూడ వెలలో చేర్చవలెను. తోటి విద్యార్థినులకు మా సలహా యొక్కటే: సూది పట్టిన వెంటనే నోటు పుస్తకములో వేళ వ్రాయుడు.

దుప్పటిని ఆయమ్మ గారి చేతికి ఇచ్చినప్పుడు ఆమె రంగులు చూడలేదు. తిరగవేసి, వెనుకవైపు అరచేతితో మెల్లగా తడివి, “పాప వేలు ఎక్కడా చిక్కుకోదు గదా తల్లీ?” అని అడిగిరి. చిక్కుకొనదని ఆరుగురమును ఒక్కసారిగా చెప్పితిమి. 256 కొనలను లెక్కపెట్టి దూర్చినవారము గనుక ఆ మాట ధైర్యముగా చెప్పగలిగితిమి.